మార్కో పోలో ముగ్గురు కూతుళ్లు

మొన్న మే నెలలో మేం ఐదుగురం ఏడ్రియాటిక్ సముద్రం చుట్టూ పదకొండు రోజులు తిరిగొచ్చాం. మావారు, నేను, అత్తయ్యగారు, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి, పదో తరగతి పరీక్షలు గట్టెక్కిన అబ్బాయి. ముందు వెనిస్. అక్కణ్ణుంచి రైల్లో అంకోనా. అంకోనాలో రాత్రి ఓడెక్కితే తెల్లారేసరికి అవతలి ఒడ్డున, క్రొయేషియాలో, స్ప్లిట్ అనే ఊరు. తర్వాత కోర్చులా ద్వీపం. చివరికి డుబ్రోవ్నిక్. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లోనూ, యూరోలోనూ చేరిపోయింది కాబట్టి రెండు దేశాలకీ ఒకటే వీసా, ఒకటే డబ్బు. ఖర్చుల లెక్కలు, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లిన సంగతి, కందిపొడి ఎన్ని రోజులొచ్చింది, ఇవన్నీ ఇంకోసారి తీరిగ్గా రాస్తాను. అడుగుతారని తెలుసు.

ఈసారి రాయాలనుకున్నది వేరు. ఆ ఊళ్లన్నిటిలోనూ గైడ్లు చెప్పేది ఒకటే కథ. ఓడలు, వర్తకం, యుద్ధాలు, ఎవరు ఎవర్ని గెలిచారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి రోజే వెనిస్‌లో ఒక వీలునామా చదవడం వల్ల, తర్వాత ఏ ఊరెళ్లినా నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరిగింది. సరే, ఇంతమంది ఇన్ని సంపాదించారు, మరి వీళ్ల ఆడపిల్లలకి ఏమొచ్చింది?

వెనిస్‌లో గది అద్దెలు చూసి గుండె గుభేలుమని, మేం పక్కనే మెస్త్రేలో దిగాం. రైలెక్కితే పది నిమిషాలు. రియాల్టో వంతెన దగ్గర జనం తోపులాట దాటి కాస్త లోపలికి నడిస్తే, సందుల మధ్య ఒక చిన్న వాకిలి లాంటి చోటు వస్తుంది. కోర్తే సెకొండా దెల్ మిలియోన్ అని పేరు. మార్కో పోలో కుటుంబం ఉన్నది అక్కడేనట. ఇల్లు ఎప్పుడో పోయింది, ఆ చోట ఇప్పుడు మలిబ్రాన్ అనే నాటకశాల ఉంది. గోడకి ఒక రాతి పలక. అంతే. అబ్బాయి రెండు ఫోటోలు తీసి "ఇంతేనా?" అన్నాడు.

మార్కో పోలో 1271లో తండ్రితో, చిన్నాన్నతో కలిసి ఊరొదిలి, 1295లో తిరిగొచ్చాడు. ఇరవై నాలుగేళ్లు. ఆ తర్వాత జెనోవా వాళ్ల చేతికి చిక్కి జైల్లో ఉన్నప్పుడు, తోటి ఖైదీ రుస్తికెల్లోకి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. ఇదంతా మనం స్కూల్లో చదువుకున్నదే. చదవనిది ఏమిటంటే, జైలు నుంచి వచ్చాక ఆయన దొనాతా అనే ఆవిడని పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారు. ఫాంతినా, బెల్లెలా, మొరెతా. మగపిల్లలు లేరు.

1324 జనవరి 9న, మంచంలో ఉండి, ఒక పూజారిని పిలిపించి ఆయన వీలునామా రాయించాడు. ఆ కాలంలో నోటరీ పని కూడా పూజారులే చేసేవారు. గొర్రె తోలు మీద లాటిన్‌లో రాసిన ఆ కాగితం ఇప్పటికీ వెనిస్‌లోనే, మార్చియానా గ్రంథాలయంలో ఉంది. దాని ఇంగ్లీషు అనువాదం అమ్మాయి ఫోన్‌లో తీసి ఇస్తే, నేను ఆ వాకిట్లోనే నిలబడి చదువుతూ అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను.

ఆస్తి అప్పగింతలు చూసేవాళ్లుగా ఎవర్ని పెట్టాడో తెలుసా? అన్నదమ్ముల్ని కాదు, మేనల్లుళ్లని కాదు. భార్యనీ ముగ్గురు కూతుళ్లనీ. భార్యకి ప్రతి ఏడూ ఇంత అని డబ్బు, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి ఆమెవే, ఇంట్లో సామాను, పరుపులతో సహా మూడు మంచాలు. మంచాల లెక్క వినగానే అత్తయ్యగారికి సంబరం. "మరి! అవి రాయకపోతే రేపు అల్లుళ్లు పట్టుకుపోరూ!" అన్నారు. ఇక మిగతా ఆస్తంతా ముగ్గురు కూతుళ్లకి సమానంగా. దాంతోపాటు ఇంకో మాట. చిన్నది మొరెతాకి అప్పటికింకా పెళ్లి కాలేదు. పంపకానికి ముందే, అక్కలకి పెళ్లిళ్లప్పుడు కట్నంగా, సారెగా ఎంతిచ్చాడో అంత ఆమెకి విడిగా తీసి పెట్టి, ఆ తర్వాతే మిగిలింది ముగ్గురికీ పంచాలన్నాడు.

ఇరవై నాలుగేళ్లు లోకం తిరిగినవాడి ఆఖరి కాగితం ఇది. పీటర్ అనే తార్తారు దాసుడికి విముక్తి ఇచ్చి వంద లీరాలు రాసిన మాట ఒక్కటి తప్పిస్తే, తూర్పు దేశాల వాసనే లేదు. మంచాలు, పరుపులు, పిల్లల వాటాలు. మన ఇళ్లల్లో నాన్నగారు రాసిన కాగితం లాగే ఉంది.

అత్తయ్యగారు కాసేపు ఊరుకుని, "పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఇద్దరికి కూడా ఇచ్చాడా?" అని అడిగారు. ఇచ్చాడన్నాను. "కట్నం ఇచ్చాక కూడానా?" అన్నారు. అవునన్నాను. ఆవిడ ఇంకేం అనలేదు. ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి నాకు తెలుసు. దాని దగ్గరికి వస్తాను.

(ఇంకో చిన్న ముచ్చట. దొనాతాతో పెళ్లికి ముందే మార్కో పోలోకి ఇంకో కూతురుండేదని, పేరు ఆగ్నెసే అని, 2022లో వెనిస్ పాత దస్తావేజుల్లో బయటపడింది. 1319లో ఆమె రాయించుకున్న వీలునామా దొరికింది. తండ్రి బతికుండగానే రాసింది. అంటే నలుగురు కూతుళ్లన్న మాట. దస్తావేజులు దాచుకునే అలవాటు మంచిదే, ఏడొందల ఏళ్ల తర్వాతైనా ఒక పిల్ల లెక్కలోకొస్తుంది.)

ఇప్పుడు మన వైపు సంగతి. మార్కో పోలో పుస్తకంలో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి. బాపట్ల జిల్లా, చినగంజాం మండలం. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి ఆయన నోరు వెళ్లబెట్టి చెప్పాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, ఎంతో వివేకం, న్యాయబుద్ధి కలదని, ప్రజలకి ఆమె అంటే ప్రాణమని మెచ్చుకున్నాడు. ఆమె మన రుద్రమదేవి. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది.

పాఠ్యపుస్తకాలు గబుక్కున దాటేసేది ఒకటుంది. రుద్రమని ఆయన రాజుగారి కూతురనలేదు. చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. భర్త పోయిన దగ్గర్నుంచి నలభై ఏళ్లుగా ఏలుతోందన్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. ఆయనకి మగపిల్లలు లేరు, రుద్రమ, గణపాంబ అని ఇద్దరాడపిల్లలు. 1199 నుంచి 1262 దాకా ఏలిన ఆ రాజు, అల్లుణ్ణి కూర్చోబెట్టకుండా కూతుర్నే సింహాసనం ఎక్కించాడు. రుద్రమ భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆయన రాజ్యం ఏలలేదు, ఆమె ఏలింది, 1289లో పోయేదాకా. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. మహారాణి కాదు, మహారాజు. సామంతులకి మింగుడు పడటానికి ఆ పుంలింగం అవసరమైంది. డిగ్రీలో శాసనాల పాఠం చెబుతున్నప్పుడు మా మేడమ్ ఈ ముక్క దగ్గర ఆగి, "వ్యాకరణం ఒక్కోసారి రాజ్యాలు నిలబెడుతుంది" అనేవారు. అప్పుడు నవ్వుకున్నాం.

సముద్రం దాటి వచ్చిన వర్తకుడికి, సింహాసనం మీద ఆడమనిషి కనపడితే తట్టిన కారణం ఒక్కటే. మొగుడు పోయి ఉంటాడు. కూతురికి తండ్రి ఇచ్చి ఉంటాడన్న ఊహే రాలేదు. అది ఆయన తప్పూ కాదు, వెనిస్‌లో ఆయన చూసిన లెక్క అది. 1242 నాటి వెనిస్ చట్టం ప్రకారం ఆడపిల్లకి కట్నమే వాటా. అది ఇచ్చేశాక, అన్నదమ్ములుంటే పుట్టింటి ఆస్తిలో ఆమె మాటుండదు. అలా అనుకున్నవాడే, తన దాకా వచ్చేసరికి, ముగ్గురు కూతుళ్లకీ సమానంగా రాశాడు. కొడుకుంటే ఏం చేసేవాడో ఎలాగూ తెలియదు కదా అంటారు మావారు. నిజమే. గణపతిదేవుడి విషయంలోనూ అదే అడగొచ్చు.

గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం గురించి కూడా చెప్పాలి. 1244 ప్రాంతంలోది. అంతకుముందు తుఫానుకి ఓడ బద్దలై ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో సరుకంతా అక్కడి రాజుది. ఈయన అది మాన్పించి, కట్టాల్సిన సుంకం తప్ప మీ సరుకు మీదే అని దూరదేశాల వర్తకులకి రాసిచ్చాడు. ఎవరి సొమ్ము వాళ్లకే ఉండాలన్న బుద్ధి ఆ ఇంట్లో ముందు నుంచీ ఉందనిపిస్తుంది నాకు. ఇది చరిత్రకారుల మాట కాదు, నా మాట.

వెనిస్ కట్నాల కథ మాత్రం అక్కడితో ఆగలేదు. నాలాంటి వాళ్లు వినాల్సిన కథ అది. అక్కడ కట్నం పేరుకి భార్యది. భర్త వాడుకోవచ్చు, కానీ అతను పోతే అతని ఆస్తిలోంచి ఆ మొత్తం ఆమెకి తిరిగి ఇచ్చేయాలి. వెధవరాలు ఏడాదీ ఒక రోజు లోపల కోర్టులో లెక్క చూపించి అడగాలి. అడిగేవాళ్లు కూడా. మన దగ్గర కట్నం అటెళ్లిందంటే అటే, కాబట్టి ఇది విని నేను కాస్త అసూయపడ్డాను. కానీ కట్నాలు పెరుగుతూ పోయాయి. 1420లో ప్రభుత్వమే కలగజేసుకుని 1600 డుకాట్లకి మించి ఇవ్వకూడదని చట్టం చేసింది. ఎవరూ లెక్కచేయలేదు. 1505లో 3000కి పెంచారు. అదీ దాటేశారు. పుచ్చుకునే వాళ్లూ ఇచ్చే వాళ్లూ చట్టం చేసే వాళ్లూ ఒకే ఇళ్లవాళ్లయినప్పుడు ఇంకేం జరుగుతుంది!

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం మఠాలు. పెద్దింటి వాళ్లు ఒక కూతురికి ఘనంగా పెళ్లి చేసి, మిగతా వాళ్లని సన్యాసినుల మఠాల్లో చేర్చేసేవారు. అక్కడా కట్నం కట్టాలి, కానీ అది చాలా తక్కువ. పదహారో శతాబ్దం ఆఖరుకి వెనిస్ గొప్పింటి ఆడవాళ్లలో దాదాపు సగం మంది మఠాల్లోనే ఉన్నారని చరిత్రకారుల లెక్క. వాళ్లలో ఎంతమంది దేవుడి మీద భక్తితో వెళ్లారు?

ఒకావిడ మాత్రం అడిగేసింది. ఆర్కాంజెలా తరబొట్టి, 1604లో పుట్టింది. చిన్నతనంలోనే సాంత్ ఆన్నా మఠంలో పెట్టేశారు. కాలు కాస్త కుంటి, పెళ్లి కష్టం అనుకుని ఉంటారు. బడి చదువు లేదు, తనంతట తానే చదువుకుంది. 1652లో పోయేదాకా అక్కడే ఉండి, తండ్రులు ఆడపిల్లల మీద చేసే దౌర్జన్యం గురించి పుస్తకం రాసింది. కట్నం డబ్బు మిగుల్చుకోవడానికి కూతుళ్లని మఠాల్లో పారేసి, దాన్ని భక్తి అంటారా అని తండ్రుల్ని, ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆమె పోయిన రెండేళ్లకి, 1654లో, అది వెనిస్‌లో కాదు, దూరాన హాలండ్‌లో అచ్చయింది. ఆ తర్వాత కొన్నేళ్లకే చర్చి నిషేధించింది. ఆ మఠం ఉన్న కాస్తెల్లో వైపు వెళ్దామన్నాను. పిల్లలకి ఆకలేస్తోంది, అత్తయ్యగారికి మోకాళ్లు. మానేశాం. అటు మళ్లకుండానే పడవెక్కాం.

అంకోనాలో రాత్రి ఓడెక్కాక, పైన డెక్ మీద గాలికి కూర్చుని అత్తయ్యగారు తన సంగతి మాట్లాడారు. ఎప్పుడూ ముక్కలుముక్కలుగా విన్నదే, మొత్తంగా ఆ రోజే విన్నాను. ఆవిడ పుట్టిల్లు చీరాల దగ్గర పల్లె. మోటుపల్లి వాళ్లకి కూతవేటు, చిన్నప్పుడు వీరభద్రస్వామి గుడికి బండి కట్టుకుని వెళ్లేవారట. 1974లో పెళ్లి. పసుపు కుంకుమ కింద అరెకరం ఇస్తామన్నారు, కాగితం రాయలేదు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లకి కొడుకులతో సమానంగా పిత్రార్జితంలో వాటా అన్నప్పుడు ఊరంతా ఒకటే మాటలట. కానీ అందులో మెలిక ఉంది. ఆ ఏడు సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన వాళ్లకి వర్తించదు. "మా చెల్లెలికొచ్చింది, నాకు రాలేదు. ఒకే అమ్మ కడుపున పుట్టాం. పదేళ్లు ముందు పెళ్లి చేసుకోవడం నా తప్పా?" అన్నారు. డెబ్బయ్యేళ్ల మనిషి గొంతులో ఆ అక్కసు నేనెప్పుడూ వినలేదు.

2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు. దాని మీద ఉన్న గందరగోళాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, తండ్రి అప్పటికి బతికి లేకపోయినా సరే అని. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదపకూడదు. అత్తయ్యగారి పుట్టింట్లో పంపకాలే కాలేదు. తాతగారు 1998లో వీలునామా లేకుండా పోయారు, పొలం ఉమ్మడిగానే ఉంది. ఇప్పుడు ఆ పొలం ప్లాట్లకి అడుగుతున్నారు. కొనేవాళ్ల లాయరు ఆడపిల్లల సంతకాలు కావాలన్నాడు. అందుకని యాభై ఏళ్లుగా గుర్తురాని అక్క, తమ్ముడికి గుర్తొచ్చింది. మేం బయల్దేరే ముందు వారం రెండుసార్లు ఫోన్.

"సంతకం పెడితే పుట్టిల్లుంటుంది. పెట్టకపోతే వాటా ఉంటుంది" అన్నారు అత్తయ్యగారు, సముద్రం వైపు చూస్తూ. నాకేం చెప్పాలో తెలియలేదు. శాలువా కప్పాను.

పొద్దున్నే స్ప్లిట్. ఈ ఊరు చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఊరే ఒక రాజభవనంలో ఉంది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో తనంతట తాను సింహాసనం దిగిపోయాక, పుట్టిన ప్రాంతానికొచ్చి ఉండటానికి సముద్రం ఒడ్డున కట్టించుకున్న భవనం అది. రోమన్ గోడల మధ్య జనం ఇళ్లు కట్టుకున్నారు, బట్టలారేసుకున్నారు. స్తంభాల మధ్య కాఫీ కొట్లు. మళ్లీ రాజ్యం చేపట్టమని అడగడానికొస్తే, నేను నాటిన క్యాబేజీలు చూస్తే మీరీ మాట అడగరు అన్నాడట. ఆ కథ మావారికి తెగ నచ్చింది, రిటైరయ్యాక మనం కూడా అంటూ మొదలుపెట్టారు. తోట పని ఎవరు చేస్తారో నాకు తెలుసు కాబట్టి నేను మాట మార్చాను.

క్యాబేజీల కథ అందరూ చెబుతారు. వలేరియా కథ ఎవరూ చెప్పరు. ఆయనకి ఒక్కతే కూతురు. తన తర్వాత రాజ్యం నడపాల్సిన గలేరియస్‌కిచ్చి పెళ్లి చేశాడు. పిల్ల ఇష్టం ఎవరడిగారు, అది రాజ్యాల మధ్య ముడి. ఆమెకి పిల్లల్లేరు, భర్తకి ఇంకొకరి వల్ల పుట్టిన కొడుకుని పెంచుకుంది. 311లో భర్త పోయాడు. అప్పుడు తూర్పు భాగం ఏలుతున్న మాక్సిమిన్ దాయా తనని పెళ్లాడమన్నాడు. ఇంకా మైల బట్టల్లోనే ఉన్నాను, నా వల్ల కాదంది. అంతే, ఆస్తి లాక్కున్నాడు, తల్లి ప్రిస్కాతో సహా సిరియా ఎడారుల్లోకి వెళ్లగొట్టాడు. అక్కణ్ణుంచి ఆమె ఎలాగో తండ్రికి కబురు పంపుకుంది. ఒకప్పుడు కనుసైగతో సగం లోకాన్ని నడిపిన మనిషి, నా కూతుర్ని నా దగ్గరికి పంపించండి అని ఒకటికి రెండుసార్లు మనుషుల్ని పంపాడు. పంపలేదు. ఆయన బెంగతో పోయాడు. తర్వాత రాజ్యానికొచ్చిన లిసీనియస్ ఆ పెంపుడు కొడుకుని చంపించాడు. తల్లీకూతుళ్లు మారువేషాల్లో పదిహేను నెలలు ఊళ్లు పట్టుకు తిరిగి, చివరికి థెస్సలొనీకాలో దొరికిపోయారు. నడిబజార్లో తలలు తీసి సముద్రంలో పడేశారు. ఈ వివరాలన్నీ లాక్టాంటియస్ అనే ఆ కాలపు రచయిత రాసిపెట్టాడు. ఆయనకి డయోక్లీషియన్ అంటే గిట్టదు, క్రైస్తవుల్ని హింసించాడని. అయినా ఈ తల్లీకూతుళ్ల దగ్గరికొచ్చేసరికి కలం మెత్తబడింది.

డయోక్లీషియన్ తన సమాధి కోసం కట్టించుకున్న మందిరమే ఇప్పుడు ఆ ఊరి పెద్ద చర్చి. ఆయన కాలంలో చంపించిన దోమ్నియస్ పేరు మీదే అది వెలసింది. ఆయన శవపేటిక ఏమైందో తెలియదు. లోపల పైన రాతి చెక్కడాల్లో రెండు ముఖాలుంటాయి, ఆయనదీ భార్య ప్రిస్కాదీ అంటారు. వలేరియాది ఎక్కడా లేదు. అత్తయ్యగారికి ఈ కథ చెప్పనా వద్దా అని ఆలోచించాను. ఆవిడే అడిగారు, ఆ పైన ఎవరని. చెప్పాను. మొత్తం విని, "అంత పెద్ద ఇల్లు కట్టుకుని కూతుర్ని ఇంటికి తెచ్చుకోలేకపోయాడా" అని అక్కడి బల్ల మీద కూర్చుండిపోయారు.

కోర్చులా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చిన్న ఊరు, చేప ముల్లులా ఇటూ అటూ సందులు, గాలి బాగా ఆడటానికి అలా కట్టారట. మార్కో పోలో మా ఊళ్లోనే పుట్టాడని వాళ్లంటారు, ఇల్లు కూడా చూపిస్తారు. 1298 సెప్టెంబరులో ఈ ద్వీపం దగ్గరే వెనిస్ నౌకాదళాన్ని జెనోవా చిత్తుగా ఓడించింది. ఆయన పట్టుబడింది అప్పుడేనని కొందరంటారు. మాకైతే అక్కడి నిమ్మకాయ ఐస్‌క్రీమ్ గుర్తుంది.

కానీ ఆ ఇంటి ముందు నుంచున్నప్పుడు అమ్మాయి అడిగిన ప్రశ్న చెప్పాలి. "అమ్మా, వీలునామాలో రాశాడు సరే, వాళ్లకి ఇచ్చారా?" ఇదీ అసలు ప్రశ్న. ఫాంతినా సంగతి అప్పుడు చెప్పాను. పెద్ద కూతురు. బ్రగదిన్ అనే పెద్దింటి కోడలైంది. తండ్రి నుంచి ఆమెకొచ్చింది భర్త తన చేతుల్లోకి తీసేసుకున్నాడు. అతను పోయాక, 1366లో, ఆమె కోర్టుకెక్కింది. అది మా నాన్నగారిది, నాకు రాసింది, నా భర్త ఆస్తి కాదు అని. తండ్రి పోయి నలభై రెండేళ్లు. ఆమెకి ఎంత లేదన్నా అరవై ఉండాలి. కోర్టు ఆమె వైపే తీర్పిచ్చింది. ఏయే వస్తువులు ఆమెవో ఒక్కొక్కటీ రాసిన జాబితా ఇప్పటికీ ఉంది. మార్కో పోలో ఇంట్లో ఏమేం ఉండేవో చరిత్రకారులకి తెలిసింది ఆ జాబితా వల్లే. ఆ గొడవే పడకపోతే అవి కూడా తెలిసేవి కావు.

అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. విన్నారని నాకు తెలుసు, ఐస్‌క్రీమ్ మీదే దృష్టి ఉన్నట్టు నటించారు.

ఆఖరి మజిలీ డుబ్రోవ్నిక్. గోడలెక్కి చుట్టూ తిరగడం అత్తయ్యగారి వల్ల కాదు, మావారూ పిల్లలూ వెళ్లారు. మేమిద్దరం కింద, ఊరి పడమటి గుమ్మం లోపల ఉన్న గుండ్రటి పెద్ద ఫౌంటెన్ దగ్గర నీడలో కూర్చున్నాం. ఈ ఊరు బుద్ధిమంతుల ఊరు. 1377లోనే, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చినవాళ్లు నెల రోజులు బయట ఆగి రావాలని చట్టం చేసింది. లోకంలో క్వారంటీన్ చట్టాల్లో అది మొదటిది. మొన్న కరోనాలో మనం పడ్డ పాట్లన్నిటికీ మూలం. 1416లో బానిసల వర్తకం నిషేధించింది. ఇంకా, ఆ ఫౌంటెన్‌కి ఎదురుగానే ఉన్న సెయింట్ క్లేర్ మఠంలో, 1432లో, దిక్కులేని పసిపిల్లల కోసం ఆశ్రమం పెట్టింది. గోడలో తిరిగే చెక్క పెట్టె. బయట నుంచి బిడ్డని అందులో పెట్టి తిప్పితే లోపలికి వెళుతుంది. పెట్టిన వాళ్ల ముఖం ఎవరికీ కనపడదు. ఆ పక్క మఠంలో ఉన్నది గొప్పింటి వాళ్ల పెళ్లికాని కూతుళ్లు. ఒకే గోడకి అటు పెళ్లి చేయలేక వదిలేసిన ఆడపిల్లలు, ఇటు పెళ్లి లేకుండా పుట్టి వదిలేసిన పిల్లలు. ఇప్పుడక్కడ హోటల్ బల్లలు వేశారు. చేప వాసన.

అక్కడ కూర్చుని ఉండగానే మళ్లీ తమ్ముడి ఫోన్. స్పీకర్‌లో పెట్టమని నాకిచ్చారు, ఆవిడకి ఆ గుండీలు తెలియవు. ఎలా ఉన్నారు, ఎండలెలా ఉన్నాయి అన్నీ అయ్యాక, "అక్కా, వచ్చాక ఒక్క రోజు చీరాల వస్తే చాలు, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, కారు నేనే పంపిస్తా" అన్నాడాయన.

"కాగితాల్లో ఏం రాశారు రా?" అని అడిగారు అత్తయ్యగారు.

"ఏముందక్కా, మామూలే. హక్కు విడుదల."

"ఎంతకి విడుదల?"

అటు వైపు చప్పుడు లేదు. తర్వాత, మాట్లాడుకుందాంలే అన్నాడు. "మాట్లాడుకుందాం. ముందు ఆ కాగితం మా కోడలి ఫోన్‌కి పంపించు, చదివి చెబుతుంది. నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇస్తానన్న అరెకరం సంగతి కూడా అందులో రాయించు. చెల్లెల్ని కూడా పిలువు, ముగ్గురం కూర్చుందాం" అని, ఫోన్ నాకిచ్చి ఆపేయమన్నారు.

కాగితం వచ్చేసరికి మేం హైదరాబాదు చేరి పది రోజులైంది. నాలుగు పేజీలు. అందులో అరెకరం మాట లేదు. "స్వచ్ఛందంగా, ఎటువంటి ప్రతిఫలం లేకుండా" అని మూడో పేజీలో ఉంది. ఆ వాక్యం నాచేత రెండుసార్లు చదివించుకుని, అత్తయ్యగారు కళ్లజోడు తెచ్చుకుని తనూ ఒకసారి చదువుకున్నారు. శ్రావణ మాసంలో చీరాల వెళ్తున్నాం, సారె చీరలు పట్టుకుని, కాగితం పట్టుకుని. మోటుపల్లి కూడా చూసొద్దామన్నారు.